చిన్న పొక్లెయిన్ కొనేముందు గోతిలోని మనిషిని అడగవలెను

అండమాన్ ద్వీపాలలోని నిర్మాణరంగ సభ్యుల నుండి కొంతకాలంగా మాకు ఒకే విధమైన ప్రశ్న పదే పదే వస్తున్నది. ఒకనాడు పార, గునపం పట్టి మట్టిపనికి వెళ్లి, క్రమంగా మేస్త్రీలై, నేడు పదిమందిని వెంటబెట్టుకొని చిన్న కాంట్రాక్టులు చేస్తున్నవారు ఈ ప్రశ్న వేస్తున్నారు. నలుగురైదుగురు కలిసి ఒక చిన్న తవ్వకపు యంత్రం కొనదలచినారు. ఏది కొనవలెను, దానికి ఏయే పనిముట్లు తీసుకోవలెను, సంఘం అభిప్రాయమేమిటి అని వారు అడుగుతున్నారు.

యంత్రం కొనుగోలు గురించి కార్మిక పత్రికలో వ్రాయడమేమిటి, అది కాంట్రాక్టర్ల వ్యవహారం కదా అని కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చును. ఈ ఆక్షేపణతో మేము ఏకీభవించడం లేదు. ఏ యంత్రం వస్తుందన్నదానిని బట్టి ఎంతమందికి పని ఉంటుందో, ఎవరు గోతిలోకి దిగవలసి వస్తుందో, ఎంత లోతుకు దిగవలసి వస్తుందో నిర్ణయమవుతున్నది. ఈ నిర్ణయం సాధారణంగా డీలరు దుకాణంలో, బ్యాంకు బల్ల ముందు జరిగిపోతున్నది. గోతిలో నిలబడేవాని మాట అక్కడ ఎవరూ వినడం లేదు. ఆ మాట ముందుగానే వినబడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పేర్ల సంగతి. మన జనం వెనుక కొక్కెం, ముందు తొట్టి ఉన్న చక్రాల యంత్రాన్ని 'జెసిబి' అంటారు. చైన్ల మీద నడుస్తూ నడుము చుట్టూ పూర్తిగా తిరిగే యంత్రాన్ని 'పొక్లెయిన్' అంటారు. మొదటిది ఒక బ్రిటిష్ కంపెనీ పేరు, రెండవది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. కంపెనీ ఏదైనా ఆ పేర్లే వాడుకలో స్థిరపడినవి. పొక్లెయిన్లలో ఆరు టన్నుల లోపు బరువు గలవాటిని అంతర్జాతీయ ప్రమాణాలలో చిన్న తరగతిగా లెక్కిస్తారు. మనం మాట్లాడుతున్నది ఈ తరగతి గురించే. జపాను, కొరియా, బ్రిటన్, అమెరికా మూలాలు గల అనేక కంపెనీల యంత్రాలు మన దేశంలో దొరుకుతున్నవి. ఫలానా కంపెనీదే కొనండని మేము చెప్పబోము. ఆ పని చేయడానికి వారి మనుషులు చాలామంది తిరుగుతున్నారు.

ఇక ద్వీపాల పరిస్థితి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో నూటికి సుమారు పదమూడు మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుండి వచ్చిన మత్స్యకార కుటుంబాలతో పాటు కట్టుబడి పనికి, మట్టిపనికి వచ్చిన కుటుంబాలు కూడా ఇక్కడ స్థిరపడినవి. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్ పట్టణం కొండల మీద, కొండల నడుమ కట్టినది. జంగ్లీఘాట్, అబర్డీన్, హడ్డో ప్రాంతాలలో తిరిగినవారికి అక్కడి సందుల వెడల్పు తెలుసు. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం, నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తాకే ఆకాశం, భూకంప ప్రమాదం ఎక్కువగా ఉన్న నేల, నానితే జారే బంకమట్టి, దాని కింద ఎక్కడ తగులుతుందో తెలియని రాయి: ఇదీ మన పనిస్థలం. పెద్ద రహదారులు, వంతెనలు, రేవులు కట్టే పెద్ద కంపెనీలు తమ యంత్రాలను తామే ఓడలలో తెచ్చుకుంటున్నవి. మన మేస్త్రీల చేతికి వచ్చేవి నీటి పైపుల కందకాలు, మురుగు కాలువలు, కొండ అంచున అడ్డుగోడల పునాదులు, ఇళ్ల పునాదులు, కల్వర్టు మరమ్మతులు. యంత్రం ఈ పనులకు సరిపోవలెను గాని చూసేవారి కళ్లకు కాదు.

పరిమాణం విషయంలో మా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాము. మూడు నుండి మూడున్నర టన్నుల యంత్రం ఈ పనులకు సరిపోతుంది. రెండు టన్నుల లోపుది ఒక మీటరు వెడల్పు సందులో కూడా దూరగలదన్నది నిజమే. కాని రెండు మీటర్లు దాటిన లోతుకు అది ఆయాసపడుతుంది, రాయి తగిలితే ఊగిపోతుంది, ఆగిన చోట మళ్లీ గునపం మనిషి చేతికే వస్తుంది. అయిదు టన్నులు దాటినది మూడున్నర మీటర్ల లోతు వరకు తవ్వుతుంది గాని వెడల్పు రెండు మీటర్లకు చేరుతుంది. పట్టణంలో సగం సందులు దానికి మూసుకుపోయినట్లే. మూడున్నర టన్నులది రమారమి ఒకటిన్నర నుండి ఒకటి ముప్పావు మీటర్ల వెడల్పులో ఉండి, మూడు మీటర్ల దాకా తవ్వగలదు. బేరం మొదలుపెట్టక ముందే, గత రెండేళ్లలో తాము చేసిన పనుల జాబితా తీసి, ఒక్కొక్క చోట దారి వెడల్పు, కందకం లోతు టేపుతో కొలిచి వ్రాసుకొమ్మని సభ్యులకు సలహా ఇస్తున్నాము. ఒక ఆదివారం పని అది. డీలరు ఇచ్చే రంగుల పుస్తకం కన్నా ఆ కాగితం విలువైనది.

రవాణాను కూడా ఇందులోనే లెక్కవేయవలెను. మూడున్నర టన్నుల యంత్రానికి బకెట్లు, బ్రేకరు కలిస్తే నాలుగు టన్నులకు చేరుతుంది. చిన్న సరుకుల బండి దానిని మోయలేదు. రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ వైపు పని దొరికితే జిర్కాటాంగ్ వద్ద కాన్వాయ్ వేళ కోసం ఆగవలెను, మిడిల్ స్ట్రెయిట్ వద్ద వాహనాల పడవ కోసం ఆగవలెను. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్, హట్ బే లకైతే ఓడే గతి. యంత్రం పని చేయక ప్రయాణంలో గడిపే రోజులకు బ్యాంకు వాయిదా ఆగదు.

వెనుక భాగం చైన్ల వెడల్పును దాటి బయటికి రాకుండా తిరిగే రకాలు ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నారు. గోడకు ఆనుకొని పని చేసేటప్పుడు ఇవి ప్రాణరక్షకాలే. యంత్రపు వెనుక భాగానికీ గోడకూ మధ్య చిక్కి మనుషులు నలిగిపోవడం ఈ వృత్తిలో పాత కథ. అయితే అదే బరువు గల మామూలు యంత్రంతో పోల్చితే ఈ రకానికి పక్కకు తిప్పి ఎత్తేటప్పుడు నిలకడ కొంత తక్కువ. కొండ వాలు మీద ఇది చిన్న విషయం కాదు. వాలుమీద యంత్రం నిలిపే చోటును ముందు చదును చేసుకోవలెను, నిండు బకెట్టును పల్లం వైపు తిప్పరాదు. పైకప్పు చట్రం, సీటు బెల్టు లేని యంత్రం ఎంత చవకగా వచ్చినా ముట్టరాదు. బోల్తాపడే యంత్రం నుండి దూకబోయి దాని కిందనే పడినవారు ఎందరో ఉన్నారు. చట్రం ఉండి బెల్టు పెట్టుకొని కూర్చున్నవాడు బ్రతికి బయటపడే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు పనిముట్ల సంగతి. అసలు లాభనష్టాలు ఇక్కడే ఉన్నవి. సాధారణంగా యంత్రంతో పాటు ఒక బకెట్టు వస్తుంది, దానితోనే అన్ని పనులూ చేయిస్తారు. లెక్క చూడండి. 100 మీటర్ల పొడవు, ఒక మీటరు లోతు కందకాన్ని 600 మిల్లీమీటర్ల బకెట్టుతో తవ్వితే 60 ఘనమీటర్ల మట్టి వస్తుంది. 300 మిల్లీమీటర్ల బకెట్టుతో తవ్వితే 30 ఘనమీటర్లు. సన్నని పైపు వేయడానికి రెండవది చాలును. కొలతల పుస్తకంలో పైపు వ్యాసాన్ని బట్టి అనుమతించిన వెడల్పుకే లెక్క కడతారు. అంతకు మించి తవ్విన మట్టికి పైసా రాదు. తవ్వినందుకు డీజిలు, తిరిగి పూడ్చినందుకు కూలి, దిమ్మిసా కొట్టినందుకు కూలి, పగిలిన రోడ్డు అదనపు వెడల్పుకు సిమెంటు, అన్నీ మేస్త్రీ నెత్తిన పడతాయి. ఆ నష్టాన్ని ఆయన ఎక్కడ పూడ్చుకుంటాడో మనందరికీ తెలుసు. కూలి రేటులోనే. కనుక 300 మిల్లీమీటర్ల సన్న బకెట్టు కార్మికుని కూలిని కూడా కాపాడుతుందని మేము అంటున్నాము.

సన్న కందకంలోకి మనిషి దిగరాదు, దిగలేడు కూడా. పైపును పైన అతికి దించవలెను. అతుకు గోతిలోనే వేయవలసిన రకమైతే ఆ చోట మాత్రం వెడల్పు చేసుకోవలెను.

దీనికి తోడు పునాదులకు 450 లేక 600 మిల్లీమీటర్ల పళ్ల బకెట్టు ఒకటి, పళ్లు లేని వెడల్పాటి కాలువ బకెట్టు ఒకటి ఉండవలెను. ఈ మూడవదానిని చాలామంది అనవసరమనుకుంటారు. వర్షాలకు ముందు మురుగు కాలువల పూడిక తీసే పని ఏటా తప్పక వస్తుంది. పళ్ల బకెట్టుతో ఆ పని చేస్తే కాలువ అడుగు సిమెంటు పెచ్చులు లేస్తాయి. పైగా కందకం అడుగు చదును చేయడానికి మనిషిని దించే అవసరాన్ని ఈ బకెట్టు చాలావరకు తగ్గిస్తుంది. తవ్విన మట్టిలో మెత్తని మన్నును, రాళ్లను వేరుచేసి రెండు కుప్పలుగా పోయడం కూడా దీనితో సులువు. సముద్రతీరపు ఇసుక తవ్వకాన్ని ద్వీపాలలో దశలవారీగా తగ్గించవలెనని సుప్రీంకోర్టు 2002 మే నెలలో ఆదేశించిన తరువాత ఇక్కడ ఇసుక విలువ ఎంతో చెప్పనక్కరలేదు. పైపు చుట్టూ పోయడానికి తవ్విన మన్నునే వాడుకోగలిగితే ఎంతో ఆదా.

రాయి పగులగొట్టే బ్రేకరు అందరి కళ్లనూ ఆకర్షిస్తుంది. దానిని మొదటి రోజునే కొనరాదని మా అభిప్రాయం. మొదటి ఏడాది అద్దెకు తెచ్చుకొని, నెలకు ఎన్ని రోజులు నిజంగా పని పడిందో లెక్క వ్రాసుకొని, అప్పుడు నిర్ణయించవలెను. మూడున్నర టన్నుల యంత్రానికి 150 నుండి 250 కిలోల బ్రేకరు తగును. అంతకన్న పెద్దది తగిలిస్తే రాయి కన్న ముందు యంత్రపు చేయి పగులుతుంది. బ్రేకరు అడిగే నూనె ప్రవాహం, పీడనం యంత్రపు అదనపు లైనులో ఉన్నవో లేవో కాగితం మీద సరిచూడవలెను. ఒకే చోట ఉలిని అదేపనిగా కొట్టరాదు. అరనిమిషంలో రాయి పగలకపోతే చోటు మార్చవలెను. ఉలితో గునపంలా పెకలించరాదు. బ్రేకరు పక్కన నిలబడేవానికి చెవి రక్షణ, కంటి అద్దాలు ఇవ్వని మేస్త్రీకి బ్రేకరు వాడే అర్హత లేదు. సమ్మెటతో రాయి కొట్టి భుజాలు పోగొట్టుకున్న తరం మనది. చెవులు పోగొట్టుకునే తరాన్ని తయారుచేయవద్దు.

గుంటలు తీసే బరమా గురించి రెండు మాటలు. కంచె స్తంభాలకు, కొబ్బరి, పోక మొక్కల గుంటలకు ఇది పనికివస్తుంది. తోటల పని దొరికే చోట ఉన్నవారు ఆలోచించవచ్చును, తక్కినవారికి అనవసరం.

బకెట్లు త్వరగా మార్చే క్విక్ కప్లరు సౌకర్యమైనదే. కాని దాని సేఫ్టీ పిన్ను పెట్టడం మరచినందువల్ల బకెట్టు ఊడి కింద ఉన్నవారి మీద పడి మరణాలు సంభవించినట్లు బ్రిటన్ భద్రతాధికారులే హెచ్చరించి ఉన్నారు. పిన్ను పడినదో లేదో ఆపరేటరు సీటు నుండి చూసి ఊరుకోరాదు. దిగి వచ్చి చేతితో తాకి చూడవలెను, బకెట్టును నేల మీద ఆనించి అదిమి చూడవలెను. అట్లాగే బకెట్టు పంటికి గొలుసు చుట్టి పైపులు ఎత్తే అలవాటు మాన్పించవలెను. ఎత్తవలసి ఉంటే అందుకోసం అమర్చిన కొక్కెం, ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తవచ్చునో తెలిపే పట్టిక యంత్రంతో పాటే అడిగి తీసుకోవలెను.

ఇంతకంటె ముఖ్యమైన విషయం ఒకటున్నది. చేతితో తవ్విన రోజులలో కందకం నెమ్మదిగా లోతయ్యేది. మట్టి పగులు వేయడం, అంచు వంగడం తవ్వేవాని కళ్ల ముందే జరిగేది. చెక్కలు కొట్టడానికి వ్యవధి ఉండేది. యంత్రం వచ్చిన తరువాత రెండు మీటర్ల గొయ్యి నిమిషాలలో తెరుచుకుంటున్నది. చెక్కలు మాత్రం ఇంకా గోదాములోనే ఉంటాయి. ఆపరేటరు బయట, చట్రం నీడలో ఉంటాడు. అడుగు సరిచేయడానికి, పైపు అతకడానికి దిగేవాడు హెల్పరు. ఒక ఘనమీటరు తడి బంకమట్టి బరువు రెండు టన్నులకు దగ్గరగా ఉంటుంది. అది ఛాతీ మీద పడితే తల పైకి ఉన్నా ఊపిరి ఆడదు.

కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నియమావళి ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. 1.2 మీటర్ల లోతుకు చేరిన కందకంలో ప్రతి 30 మీటర్లకు కనీసం ఒక నిచ్చెన ఉండవలెను. 1.5 మీటర్ల లోతుకు చేరితే గోడలను వాలుగా మెట్లు తీయవలెను, లేదా చెక్కలతో బిగించవలెను. తవ్విన మట్టిని అంచుకు 1.5 మీటర్లు గాని, లోతులో సగం గాని, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయవలెను. గోడ అడుగును తొలిచి పైమట్టిని కూల్చే పద్ధతి పూర్తిగా నిషిద్ధం. నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిభద్రతా స్మృతిలో లీనమైనది. ఆ స్మృతులపై కార్మికోద్యమానికి గల అభ్యంతరాలు ఈ పత్రిక పాఠకులకు తెలియనివి కావు. అయినను టెండరు ఒప్పందంలో చేరిన భద్రతా నియమావళి గుత్తేదారును కట్టివేస్తూనే ఉంటుంది; దానిని చూపి అడిగే ధైర్యం మనకు ఉండవలెను.

కనుక మా ప్రతిపాదన ఇది. అయిదు టన్నుల యంత్రం కొనగల స్తోమత ఉన్నవారు కూడా మూడున్నర టన్నులతో ఆగి, మిగిలిన సొమ్ములో కొంత భాగంతో కందకం గోడలకు బిగించే చట్రాలు, జాకీలు, రెండు నిచ్చెనలు కొనవలెను. వాటిని కూడా యంత్రపు పనిముట్ల జాబితాలోనే వ్రాయవలెను. యంత్రం ఏ బండిలో వెళ్తే ఆ బండిలోనే అవీ వెళ్లవలెను. చట్రాలు దిగే దాకా బకెట్టు 1.5 మీటర్లు దాటరాదు.

మట్టి కూలీల ఉపాధి మాట ఏమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. యంత్రం వస్తే తట్ట పట్టేవారి పని తగ్గుతుంది. దీనిని తీపి మాటలతో కప్పిపుచ్చలేము. అయితే పట్టణంలో నేల కింద కరెంటు కేబుళ్లు, నీటి పైపులు ఎక్కడ ఉన్నవో ఏ పటమూ పూర్తిగా చెప్పదు. యంత్రం దిగకముందు చేతితో పరీక్ష గుంటలు తీయక తప్పదు. చట్రాలు బిగించడం, పైపు పరుపు వేయడం, దిమ్మిసా, యంత్రం తిరిగే చోట కాపలా ఉండి సంజ్ఞలు చేయడం, ఇవన్నీ నైపుణ్యం గల పనులే. వీటిని 'హెల్పరు' అనే ఒక్క మాట కింద తోసి తక్కువ కూలి ఇవ్వడాన్ని మనం అంగీకరించరాదు. కలిసి కొనే నలుగురైదుగురు తమ ముఠాలోని పాత కూలీలను తొలగించబోమని, వారిలో ఇద్దరినైనా ఆపరేటరు శిక్షణకు పంపుతామని ఒప్పంద పత్రంలోనే వ్రాసుకోవలెను. పోర్ట్ బ్లెయిర్ ఐ.టి.ఐ. ఈ శిక్షణకు చోటు కల్పించవలెనని సంఘం తరఫున కోరవలసి ఉన్నది. పక్కన కూర్చొని చూసి నేర్చుకున్నవాని చేతికి కొండవాలు మీద యంత్రం అప్పగించడం అతనికీ, కింద ఉన్నవారికీ ద్రోహం.

అప్పు విషయంలో ఒకటే చెబుతాము. మే నుండి నవంబరు దాకా వానలు. నికరంగా పని సాగేది డిసెంబరు నుండి ఏప్రిల్ దాకా అయిదు నెలలు. పన్నెండు నెలలూ యంత్రం తిరుగుతుందని లెక్కవేసి సమాన వాయిదాలకు సంతకం చేసినవారు వానాకాలంలో ఆ వాయిదా కోసమే తడి మట్టిలో, జారే అంచున పని ఒప్పుకుంటున్నారు. ప్రమాదాలకు ఇది కూడా ఒక కారణమని మా పరిశీలన. పొడి నెలలలో ఎక్కువ, వాన నెలలలో తక్కువ వాయిదా ఉండేట్లు బ్యాంకుతో ముందే మాట్లాడుకోవలెను. బ్యాంకు కాదంటే మరొక ఏడాది అద్దె యంత్రంతోనే గడపడం మేలు.

విడిభాగాలు చెన్నై, కలకత్తా, విశాఖల నుండి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావలెను. రెండు జతల హోసు పైపులు, ఫిల్టర్లు, బకెట్టు పళ్లు, పిన్నులు, బుష్షులు యంత్రంతోనే కొని ఇంటిలో ఉంచుకోవలెను. రోడ్డు పాడుకాకుండా పట్టణంలో రబ్బరు చైన్లే తగును. రాళ్ల మీద వాటిని అక్కడికక్కడే తిప్పితే చీలిపోతాయి. ఉప్పుగాలికి సిలిండరు కడ్డీలు తుప్పుపడతాయి కనుక రాత్రి నిలిపేటప్పుడు కడ్డీలు లోపలికి ముడుచుకొనేట్లు నిలపవలెను, బయట మిగిలిన భాగానికి గ్రీజు పూయవలెను. తీరాన పని చేసిన రోజున మంచినీటితో కడగవలెను. ఎండాకాలంలో ఇంటికే నీరు చాలని ఊరిలో యంత్రానికి నీరెక్కడిదని అడిగేవారున్నారు. వాననీటి పీపా ఒకటి ముందే పెట్టుకోవలెను.

హడ్డో రేవులో యంత్రం దిగిన రోజున డీలరు మనిషి సంతకం అడుగుతాడు. సంతకానికి ముందు ఆపరేటరు, గోతి ముఠాలో ఒకరు కలిసి యంత్రాన్ని నడిపి చూడవలెను. మూడు బకెట్లూ తగిలించి తీయవలెను, సేఫ్టీ పిన్ను చేతితో తాకవలెను, బెల్టు లాగవలెను, హారను మోగించవలెను, అదనపు లైనులో నూనె కారుతున్నదేమో చూడవలెను. ఎత్తుడు బరువుల పట్టిక తెలుగులోనో హిందీలోనో కావలెనని అడిగి, అది యంత్రానికి అంటించిన తరువాతనే కలం తీయవలెను.